నర్సుకి ప్రొఫెషనలిజం అంటే ఏమిటి? ‘అంతా స్టేబుల్’ అన్న మాట దగ్గర మొదలుపెడదాం

సిస్టర్, మీరు అడిగింది ఇదీ: డ్యూటీలో చేరి ఎనిమిది నెలలైంది. ప్రొబేషన్ రివ్యూ ఫారంలో మీ ఇన్‌ఛార్జి సిస్టర్ "ప్రొఫెషనలిజం మెరుగుపడాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీరేమో టైముకి వస్తారు, యూనిఫాం నీట్‌గా ఉంటుంది, పెద్దవాళ్లకి ఎదురు చెప్పరు, పేషెంట్లతో నవ్వుతూ మాట్లాడతారు. "ఇంకేం చేస్తే ప్రొఫెషనల్ అంటారు? ఫారంలో నా జవాబు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఏమైనా రాయనా, ఊరుకోనా?" అన్నారు. చివర్లో మాటవరసకి అన్నట్టు ఇంకోటి చెప్పారు: ఒకరోజు హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లని తర్వాతి సిస్టర్‌కి అప్పజెప్పేటప్పుడు, "అంతా స్టేబుల్ సిస్టర్" అన్నందుకు ఆ ఇన్‌ఛార్జి చేతే నలుగురిలో మాట పడ్డారట.

నేను ఈ పనిలో 27 ఏళ్లుగా ఉన్నాను. జనరల్ వార్డులో మొదలుపెట్టి, సర్జికల్ ఐసీయూలో చాలా కాలం చేసి, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఇలాంటి ఫారాలు నేనూ రాశాను, నా మీద రాసినవి చదువుకుని ఏడ్చాను కూడా. నాకు అర్థమైనంతలో మీ ప్రశ్నకి జవాబు మీరు చివర్లో చెప్పిన ఆ సంగతిలోనే ఉంది.

మీరు చెప్పిన నాలుగూ కంటికి కనిపించేవి. అవి అక్కర్లేదని నేను అనను. కానీ టైముకి వచ్చి, ఇస్త్రీ మడత నలగకుండా, నవ్వుతూ తప్పు మందు ఇచ్చినవాళ్లని చూశాను. మన పనిలో ఒక చిత్రం ఉంది. మనం చూసినదాన్ని బట్టి ఇంకొకరు నిర్ణయం తీసుకుంటారు. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి ఫోనెత్తిన డాక్టరు పేషెంట్‌ని చూడరు, మీ గొంతు వింటారు. పొద్దున డ్యూటీకి వచ్చిన సిస్టర్ మీరు రాత్రంతా పడ్డ పాటు చూడదు, మీరు రాసింది చూస్తుంది. మత్తులో ఉన్న పేషెంట్ అయితే అదీ చూడలేడు. మీ మాట మీద, మీ సంతకం మీద వీళ్లంతా భారం వేసి నిశ్చింతగా ఉండగలగాలి. నా లెక్కలో ప్రొఫెషనలిజం అంటే ఇదే.

"అంతా స్టేబుల్" అనే మాట మీద అలా భారం వేయలేం. అందులో ఏమీ లేదు. మీరు పేషెంట్‌ని చూసి అన్నా అంతే, చూడకుండా అన్నా అంతే. అదే మాటని ఇలా చెప్పి చూడండి (డ్రెయిన్ అంటే ఆపరేషన్ చోటు నుంచి ద్రవం బయటికి తీసే గొట్టం, కాన్యులా అంటే మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం): "ఆరో బెడ్, ఆపరేషన్ అయి రెండో రోజు. డ్రెయిన్‌లో రాత్రి పది దాకా 40 ఎంఎల్, అక్కడ్నుంచి ఇప్పటికి ఇంకో 110. మొదట లేత గులాబీ రంగులో ఉంది, ఇప్పుడు ఎరుపు పెరిగింది, డ్యూటీ డాక్టర్‌కి ఐదున్నరకి చెప్పాను, వచ్చి చూశారు. నొప్పి పదికి ఆరు, నాలుగింటికి మందు ఇచ్చాక మూడుకి తగ్గింది. కుడి చేతి కాన్యులా చుట్టూ కాస్త ఎర్రగా ఉంది, నేను మార్చలేకపోయాను, మీరు మార్చాలి." చెప్పడానికి ముప్పై సెకన్లు కూడా పట్టదు. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే మాట ఏదో చెప్పనా? "నేను మార్చలేకపోయాను." తను చేయలేకపోయిన పనిని తనే బయటపెట్టిన మనిషి, చేశానని చెప్పిన పనులు నిజంగా చేసే ఉంటుందని నమ్మకం కుదురుతుంది.

వీలైతే హ్యాండోవర్ పేషెంట్ మంచం పక్కనే ఇవ్వండి. డెస్క్ దగ్గర చెప్పుకుంటే డ్రెయిన్ రంగు మీ మాటల్లోనే ఉంటుంది. మంచం దగ్గరైతే వచ్చిన సిస్టర్ తన కళ్లతో చూస్తుంది.

ఇప్పుడు ఒక గడి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఏమనుకోకండి, ఇది నా పిచ్చి. కేస్ షీట్లు ఆడిట్ చేసేటప్పుడు నేను ముందు చూసేది శ్వాస రేటు. పల్స్ 84, 91, 88, 102 అని మారుతూ ఉంటుంది. బీపీ మారుతూ ఉంటుంది. శ్వాస మాత్రం పై నుంచి కింది దాకా 20, 20, 20, 20. పక్క పేషెంట్‌ది చూస్తే అదీ 20. వార్డు మొత్తం ఒకే తాళానికి ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. కారణం మనందరికీ తెలుసు. పల్స్, ఆక్సిజన్, బీపీ మెషిన్ చెప్పేస్తుంది. శ్వాసని మాత్రం మనిషి నిలబడి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ముప్పై మంది ఉంటే ముప్పై నిమిషాలు. అంత టైమ్ ఎక్కడిది అంటారు. నిజమే. కానీ మనిషి దిగజారబోతున్నప్పుడు చాలాసార్లు ముందుగా మారేది ఆ అంకే. బీపీ పడిపోయేదాకా ఒళ్లు ఎలాగో సర్దుకుంటుంది, ఊపిరి మాత్రం గంటల ముందే వేగం పెంచి కబురు చెప్తుంది.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన ‘న్యూస్’ స్కోరు (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, పేషెంట్ దిగజారుతున్న సంగతి ముందే పట్టుకోవడానికి వేసే మార్కులు) చాలా ఆసుపత్రుల్లో వాడుతున్నారు. మీ దగ్గర ఉండకపోయినా దాని లెక్క తెలుసుకోండి. నిమిషానికి శ్వాస 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా మార్కు. 21 నుంచి 24 అయితే రెండు. 25 దాటితే, లేదా 25 ఉన్నా, మూడు. ఏ ఒక్క గడిలోనైనా మూడు వచ్చిందంటే డాక్టరు వెంటనే వచ్చి చూడాల్సిన సంగతి. అసలు శ్వాస 26 ఉన్న మనిషికి మీరు అలవాటుగా 20 వేస్తే మూడు కాస్తా సున్నా అయిపోతుంది. ఆ రాత్రి ఎవరూ రారు. రాకపోవడం వాళ్ల తప్పు కాదు, పిలవాల్సిన అంకెని మనమే నోరు నొక్కేశాం.

ఒక కిటుకు: శ్వాస లెక్కపెడుతున్నానని పేషెంట్‌కి చెప్తే ఊపిరి మారిపోతుంది. పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే ఉండి, కళ్లతో ఛాతీ చూస్తూ లెక్కపెట్టండి.

లెక్కపెట్టకుండా 20 వేయడానికి అన్నగారు లాంటిది, వైటల్స్ (బీపీ, పల్స్, శ్వాస లాంటివి) చూడకముందే రాసిపెట్టుకోవడం. ఒకసారి నైట్ రౌండ్స్‌లో ఒక వార్డుకి వెళ్లేసరికి సీపీఆర్ జరుగుతోంది. 1:40కి పేషెంట్ పోయాడు. కాగితాలు సర్దుతూ చార్ట్ తీశాను. రెండు గంటల గడిలో బీపీ 120/80, పల్స్ 80, శ్వాస 20, కింద సంతకం అప్పటికే ఉన్నాయి. ఆ అమ్మాయి చెడ్డది కాదు. ఆ రాత్రి ఇద్దరు చేయాల్సిన వార్డు ఒక్కతే చేస్తోంది. కాస్త పని తగ్గుతుందని పన్నెండింటికే రెండింటివి కూడా రాసేసింది. సీపీఆర్ మాత్రం చేతులు నొప్పెట్టేలా చేసింది. కానీ ఆ ఒక్క గడి తర్వాత ఆమె ఆ రాత్రి నిజంగా చేసిన పనిని కూడా ఎవరూ నమ్మలేదు. పన్నెండు గంటల వైటల్స్ నిజంగానే చూశానంది. నిజమే అయ్యుండొచ్చు. ఎలా నమ్మడం?

చేసిన తర్వాత రాయండి, చేసిందే రాయండి. చేయలేకపోతే గడి ఖాళీగా వదిలి, ఎందుకు చేయలేకపోయారో పక్కన రాయండి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయొద్దు. పాత రాత చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, టైమూ సంతకమూ పెట్టండి. ఆలస్యంగా రాస్తే ఆలస్యంగా రాస్తున్నానని, ఇప్పుడు టైమెంతో, పని చేసిన టైమెంతో రెండూ రాయండి. ఖాళీ గడికి మహా అయితే చివాట్లు పడతాయి.

ఇతరుల తప్పులే చెప్తే బాగుండదు కాబట్టి నాదొకటి చెప్తాను. అప్పటికి నా సర్వీసు మూడేళ్లు. వార్డులో ఒకే పేరున్న ఇద్దరు పెద్దాయనలు, పక్కపక్క బెడ్లు. ఒకాయనకి బీపీ మాత్ర ఇవ్వాలి. రెండో ఆయన దగ్గరికి వెళ్లి పేరు చెప్పి "మీరే కదా?" అన్నాను. ఆయన తలూపాడు. ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఐడీ బ్యాండ్ ఏదీ చూడలేదు. పైగా "మీరే కదా" అని అడిగితే ఎవరైనా తలూపుతారు, చెవి సరిగా వినపడని మనిషి అయితే తప్పకుండా ఊపుతాడు. "మీ పూర్తి పేరు చెప్పండి" అని అడగాలి. అది నాకు తెలీక కాదు, ఆ పూటకి తొందర.

పది నిమిషాల తర్వాత పక్క బెడ్ ఆయన "నా మాత్ర ఏదమ్మా?" అన్నాడు. కాళ్లు చల్లబడిపోయాయి. నిజం చెప్పాలంటే నాకు ముందొచ్చిన ఆలోచన పేషెంట్ గురించి కాదు. ఎవరూ చూడలేదు, రెండో మాత్ర ఈయనకి ఇచ్చేస్తే సరిపోతుంది, ఆయన బీపీ నేనే దొంగచాటుగా చూసుకుంటూ ఉంటాను, అనుకున్నాను. మందుల ట్రాలీ దగ్గర నిలబడి ఒక నిమిషం పాటు నిజంగా అదే ప్లాన్ వేశాను. తర్వాత ఏమనిపించిందో తెలీదు, సీనియర్ అక్క దగ్గరికెళ్లి చెప్పేశాను, చెప్తూనే ఏడుపు. ఆవిడ అన్న మాట ఇప్పటికీ గుర్తు: "ముందు ఆయన బీపీ. ఏడుపు తర్వాత."

బీపీ 132/80 ఉండాల్సింది గంటకి 94/56కి దిగింది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తు చేశాం, డాక్టర్‌ని పిలిచాం, సెలైన్ పెట్టారు, పదిహేను నిమిషాలకోసారి చూశాం. డాక్టర్ గట్టిగా తిట్టారు. పెద్దాయనకీ ఆయన కొడుక్కీ ఏం జరిగిందో నేనే చెప్పాలని అక్క పట్టుబట్టింది, తను నా పక్కన నిలబడింది. కొడుకు అరిచాడు. నేను "నేను పొరపాటున వేరేవాళ్ల మందు ఇచ్చాను, ఇప్పుడు ఇదీ చేస్తున్నాం, రాత్రంతా చూస్తాం" అని మాత్రం చెప్పాను. సంజాయిషీ చెప్పబోతే అక్క నా మోచెయ్యి నొక్కింది. చార్ట్‌లో ఏ మందు, ఎంత, ఎన్నింటికి, ఎవరికి చెప్పాం, బీపీలు ఎలా ఉన్నాయి అన్నీ జరిగింది జరిగినట్టు రాశాను. ఇన్సిడెంట్ రిపోర్ట్ వేరే రాశాను. ఆయన సాయంత్రానికి బాగైపోయాడు. నాకు మెమో వచ్చింది. ఆ తర్వాత ఆ వార్డులో ఒకే పేరున్నవాళ్లని పక్కపక్కన పెట్టడం మానేశారు, ఫైలు మీద హెచ్చరిక స్టిక్కర్ మొదలైంది. నేను దాచి ఉంటే ఆ స్టిక్కర్ వచ్చేది కాదు. ఆ రెండు బెడ్ల దగ్గర ఇంకో అమ్మాయి ఇంకో రోజు అదే తప్పు చేసేది.

ఇక మీరు గర్వంగా చెప్పుకున్న "ఎదురు చెప్పను" సంగతి. దీని మీద మనవాళ్లలో పాత పొరపాటు ఒకటి ఉంది. మనం చదువుకునేటప్పుడు దీపం పట్టుకుని చెప్పే నైటింగేల్ ప్రతిజ్ఞ గుర్తుందా? అది ఆధునిక నర్సింగ్‌కి బాట వేసిన నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సింగ్ టీచరు, ఆమె కమిటీ కలిసి రాశారు. అందులో డాక్టరు పనికి విధేయంగా సాయపడతాను అన్న మాట ఉంది. అంతర్జాతీయ నర్సుల సమాఖ్య 1953లో మొదటిసారి నీతి నియమావళి తెచ్చినప్పుడు కూడా డాక్టరు ఆదేశాలని విధేయతతో అమలు చేయాలనే ఉంది. 1973లో దాన్ని తిరగరాశారు. నర్సు మొదటి బాధ్యత సేవ అవసరమైన మనుషుల పట్ల అని పెట్టారు. అంటే యాభై ఏళ్లు దాటిపోయింది ఆ మాట మారి. మన నాలుక మీద మాత్రం ఇంకా మారలేదు.

ఎదురు చెప్పకపోవడం మర్యాద అనుకుంటాం. రాత్రి రెండింటికి అది మర్యాదో భయమో తేల్చుకోవాల్సిన సమయం వస్తుంది. కొత్తలో మేమంతా ఫోన్ ఇలా చేసేవాళ్లం: "సారీ సార్, డిస్టర్బ్ చేస్తున్నాను... పద్నాలుగో బెడ్ పేషెంట్ కొంచెం అదోలా ఉన్నారు సార్..." అవతల డాక్టరు ఏం చేస్తారు? "సరే, చూస్తూ ఉండండి" అని పెట్టేస్తారు. తప్పు ఆయన ఒక్కడిదే కాదు, మనం ఏమీ చెప్పలేదు కదా.

దీనికి ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో పుట్టి, తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చింది. సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమండేషన్ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. ఇప్పుడేం జరుగుతోంది, పేషెంట్ నేపథ్యం ఏమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. నాలుగు ముక్కలే. "సార్, సర్జికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. పద్నాలుగో బెడ్ పేషెంట్ శ్వాస గంటలో 18 నుంచి 28కి పెరిగింది, పల్స్ 118, బీపీ 100/60. వయసు 61, బరువు అరవై కేజీలు, నిన్న పొట్ట ఆపరేషన్ అయింది. రెండు గంటల్లో యూరిన్ కలిపి 25 ఎంఎల్ వచ్చింది, గంటకి ముప్పై రావాలి. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్." ఇందులో సారీ లేదు, అమర్యాదా లేదు. "నా అనుమానం" అనడానికి నోరు రాదు మనకి, డయాగ్నసిస్ మనది కాదని. రోగం పేరు మీరు తేల్చక్కర్లేదు, భయం దేనికో చెప్పండి చాలు. ఫోన్ చేసే ముందు కేస్ షీట్ చేతిలో ఉంచుకోండి. అడిగితే వెతుక్కోవడం మొదలైతే అక్కడే పట్టు పోతుంది.

ఆయన రాకపోతే? పావుగంట చూసి మళ్లీ చేయండి. "రెండోసారి ఫోన్ చేస్తున్నాను సార్, రాకపోతే పై డాక్టర్‌కి చెప్పాల్సి వస్తుంది" అనండి. మీ ఇన్‌ఛార్జికి చెప్పండి. ఎన్నింటికి ఎవరికి చెప్పారో, ఏమన్నారో రాయండి. మరీ దిగజారుతుంటే పావుగంట కూడా ఆగకూడదు, ఎమర్జెన్సీ టీమ్‌ని పిలిచేయడమే.

ఫోన్‌లో మందు చెప్తే రాసుకుని, తిరిగి చదివి వినిపించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినపడతాయి. "వన్ ఫైవ్, ఫిఫ్టీన్ అంటున్నారా సార్?" అని అడిగితే ఎవరూ కరవరు. కాగితం మీద కూడా అంతే. సున్నా లేకుండా చుక్క ఐదు అని రాస్తే చుక్క కనపడక ఐదైపోతుంది. ఐదు పక్కన చుక్క పెట్టి సున్నా రాస్తే యాభై అవుతుంది. ఇన్సులిన్‌కి యూనిట్ అని పూర్తిగా రాయకుండా ఇంగ్లీషు పొట్టి అక్షరం ‘యు’ రాస్తే అది సున్నాలా కనపడి 4 కాస్తా 40 అవుతుంది. డోసు అనుమానంగా ఉంటే ఇవ్వకుండా ఆగే హక్కు మీకుంది. హక్కు కూడా కాదు, మీ పనే అది. "సార్, ఇది మామూలు డోసుకి పది రెట్లు ఉంది, మళ్లీ ఒకసారి చూస్తారా? కన్ఫర్మ్ అయ్యేదాకా ఇవ్వను." ఇచ్చాక "డాక్టరే రాశారు" అంటే ఇచ్చింది మీ చెయ్యే కదా అంటారు. అది న్యాయమే.

డాక్టర్ల కన్నా మన సీనియర్లకి కాదనడం కష్టం, నాకు అలాగే ఉండేది. ఒక ఉదాహరణ. మార్ఫిన్ (మత్తు కలిగించే నొప్పి మందు) ఆంప్యూల్ పది మిల్లీగ్రాములు, పేషెంట్‌కి ఇచ్చింది నాలుగు. మిగతా ఆరు పారబోసినట్టు రెండో నర్సు సాక్షి సంతకం పెట్టాలి. సీనియర్ రిజిస్టర్ మీ ముందు పెట్టి "పారబోసేశాలే, సంతకం పెట్టు" అంటుంది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు నిజంగానే పారబోసి ఉంటుంది. అయినా పెట్టొద్దు. గొడవా పడొద్దు. "అక్కా, నేను చూడలేదు కదా, ఈసారి ఇన్‌ఛార్జికి చెప్పి రాయిద్దాం. ఇకనుంచి పారబోసేముందు నన్ను పిలువు, పరిగెత్తుకొస్తా" అనండి. రెండ్రోజులు మాట్లాడదు. తర్వాత పిలవడం మొదలుపెడుతుంది.

కొత్తవాళ్లకి ఇంకో కష్టం, తెలీదని చెప్పడం. ఎనిమిది నెలలయ్యాక ఇంకా ఇది రాదంటే ఏమనుకుంటారో అని. చెస్ట్ డ్రెయిన్ బాటిల్ మార్చడం మీరు ఎప్పుడూ చేయకపోతే "నేను చూశాను కానీ చేయలేదు, మొదటిసారి మీరు పక్కనుండండి" అని చెప్పేయండి. నా చేతి కింద పనిచేసిన వాళ్లలో ఈ మాట అన్నవాళ్ల గురించి నేను నిద్ర పోగొట్టుకోలేదు. అన్నిటికీ తల ఊపేవాళ్లే భయపెట్టారు.

పేషెంట్ సంగతులు బయట మాట్లాడకూడదని మీకు తెలుసు, ఫోటోలు, రీల్స్ గురించి మీ దగ్గరా సర్క్యులర్ వచ్చే ఉంటుంది. నేను సర్క్యులర్‌లో లేనిది చెప్తాను. ఒకసారి లిఫ్ట్‌లో ఇద్దరు సిస్టర్లు, పేరు ఎత్తలేదు పాపం, "ఏడో బెడ్ బయాప్సీ వచ్చింది, బాలేదు" అనుకున్నారు. వెనక నిలబడ్డ అమ్మాయి ఏడో బెడ్ ఆవిడ కూతురు. ఇంకా ఎవరూ వాళ్లకి చెప్పలేదు. ఆ అమ్మాయి లిఫ్ట్ దిగకుండా మళ్లీ కిందికీ పైకీ తిరిగింది. నేను ఆఖరికి చెయ్యి పట్టుకుని దింపాల్సి వచ్చింది. పేరు చెప్పకపోతే చాలనుకోకండి.

మనిషిని ముట్టుకునే ముందు చెప్పడం, తెర లాగడం, స్పృహలో లేకపోయినా "ఇప్పుడు పక్కకి తిప్పుతున్నామండీ" అనడం, వీటికి ఉపన్యాసం అక్కర్లేదు. మీరు చేస్తూనే ఉండుంటారు. డిశ్చార్జి రోజు చేతిలో డబ్బు పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుని "బాగైతే అదే చాలు" అనండి, రూల్సు అడ్డు చెప్తూ వాళ్లని చిన్నబుచ్చకండి.

పేషెంట్ తరఫు వాళ్లు అరిచినప్పుడు ఎలా అని ఇంకొకరు కూడా అడిగారు కాబట్టి ఒక్క మాట: అరిచే మనిషికి చాలాసార్లు కావాల్సింది ఒక టైము. "డాక్టర్ గారు వస్తారు" అంటే ఇంకా అరుస్తారు. "పదకొండింటికి ఓపీ అయ్యాక వస్తారు, పదకొండుంపావుకి రాకపోతే నేనే మళ్లీ ఫోన్ చేసి మీకు చెప్తాను" అంటే కూర్చుంటారు. పదకొండుంపావుకి మీరు నిజంగా వెళ్లి చెప్పాలి మరి.

ఇంకోవైపు కూడా చెప్పకపోతే అన్యాయం. "ప్రొఫెషనలిజం లేదు" అనే మాటని కర్రలా వాడేవాళ్లు ఉన్నారు. డబుల్ డ్యూటీ కాదన్నందుకు, స్టాఫ్ చాలడం లేదని రాతపూర్వకంగా ఇచ్చినందుకు, జూనియర్‌ని అందరి ముందు తిట్టొద్దన్నందుకు ఆ మాట వేసేస్తారు. పదహారు గంటలు నిలబడ్డ మనిషి చేతికి సిరంజి ఇవ్వడం ప్రొఫెషనలిజం కాదు. మిమ్మల్ని నలుగురిలో అనడం కూడా నాకు నచ్చలేదు, అది పక్కకి పిలిచి చెప్పాల్సిన మాట. తేడా పట్టుకోవడం ఎలా అంటారా, "ఏ సందర్భంలో?" అని అడగండి. మీ మేలు కోరి రాసినవాళ్ల దగ్గర తేదీ, బెడ్ నంబర్ ఉంటాయి. కర్ర పట్టుకున్నవాళ్ల దగ్గర "నీ యాటిట్యూడ్" తప్ప ఇంకేమీ ఉండదు. మీ ఇన్‌ఛార్జి మొదటి రకం అనే నా అనుమానం, ఎందుకంటే ఆవిడ ఆ ‘స్టేబుల్’ దగ్గరే ఆగింది. అయినా అడిగి చూడండి, నేను ఆవిడని చూడలేదు.

రేపు డ్యూటీ అయ్యాక, ఆవిడ ఇంటికి బయల్దేరే హడావుడిలో లేనప్పుడు వెళ్లండి. "మేడమ్, మీరు రాసింది చదివాను. ఏ రోజు ఏం చూసి రాశారో ఒకటి రెండు చెప్తే సరిచేసుకుంటాను" అనండి. మధ్యలో అడ్డు చెప్పకుండా వినండి, రాసుకోండి. ఆ తర్వాతే ఫారం గడి నింపండి. ఖాళీగా మాత్రం వదలొద్దు. నేనైతే ఇలా రాస్తాను: "ఇన్‌ఛార్జి సిస్టర్‌తో ఫలానా తేదీన మాట్లాడాను. హ్యాండోవర్‌లో వివరాలు తక్కువగా ఇస్తున్నానని చెప్పారు, ఒప్పుకుంటున్నాను. వచ్చే నెల రోజులు మంచం దగ్గర హ్యాండోవర్ ఇస్తాను. వారానికి ఒకసారి విని చెప్పమని ఆమెని కోరాను." ఆవిడ చెప్పినది మీకు నిజంగా తప్పనిపిస్తే "ఒప్పుకుంటున్నాను" రాయకండి, మీరు చూసినది తేదీతో రాయండి. కింద సంతకం, టైము. ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.